తప్పు చేసిన గురువుకి మరణశిక్ష వేయమని శ్రీసభ సంప్రదాయం చెప్పిందా?

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకి అర్థం కావాలి కదా. ప్రశ్న పంపిన తమ్ముడి విచారణ (ఒక చర్చి పరిధిలోని విశ్వాసుల సంఘం) వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టు తిరుగుతోంది. తప్పు చేసిన గురువులకు, అంటే చర్చి ఫాదర్లకు, మరణశిక్ష వేయమని 1568లో ఐదవ పయస్ పోపుగారు శాసనం చేశారని, అసలైన కథోలిక సంప్రదాయం అదేనని, ఇప్పటివాళ్లు మెత్తబడిపోయారని అందులో ఉంది. దానికి ఒక పెద్దాయన జవాబిస్తూ, శ్రీసభ, అంటే కథోలిక సంఘం, ఎప్పుడూ క్షమించమనే చెప్పింది, ఇంటి గుట్టు వీధిలో పెట్టకండి అన్నారు. ఇదంతా వాదన కోసం మొదలైంది కాదు. వీళ్ల బంధువుల్లో ఒక పిల్లవాడి మీద గురువు చేసిన అఘాయిత్యం బయటపడింది. కంప్లైంట్ ఇస్తే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద కేసు ఉరిశిక్ష దాకా వెళ్తుందేమో, పోపుగారు మరణశిక్ష తగదన్నారు కదా, ఆ పాపం తనకి చుట్టుకుంటుందేమో అని ఆ తల్లి భయపడుతోంది.

తమ్ముడూ, జవాబు ముందే చెప్పేస్తాను. కంప్లైంట్ ఇవ్వండి. ఇవాళే ఇవ్వండి. ఎందుకో తీరిగ్గా చదువుకోవచ్చు.

నేను లాయర్ని. కోర్టు పనితో పాటు చాలా ఏళ్లు మేత్రాసన ట్రిబ్యునల్లో, అంటే పీఠాధిపతి (బిషప్) కింద నడిచే శ్రీసభ కోర్టులో, వివాహ కేసులు కూడా చూశాను. కానన్ లా (శ్రీసభ సొంత చట్టం) పుస్తకాలు అలా చేతికొచ్చాయి. అందులో వివాహాల కంటే నన్ను ఎక్కువగా పట్టుకున్న భాగం ఇదే, గురువులు చేసే నేరాలు, వాటికి శ్రీసభ వేసిన శిక్షలు.

1568 ఆగస్టు 30 నాటి శాసనం నిజమే. కానీ పోస్టు పెట్టినాయన దాన్ని సగమే చదివారు. మొదటి విషయం, అది ప్రత్యేకంగా పిల్లల మీద అత్యాచారం గురించి రాసింది కాదు. మగవాళ్ల మధ్య లైంగిక సంబంధాన్ని అప్పట్లో ఏ పేరుతో పిలిచేవారో ఆ పేరుతో, మొత్తాన్ని ఒకే గాట కట్టి రాసింది. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి చేసినదానికీ, పదేళ్ల పిల్లవాడి మీద జరిగినదానికీ అందులో తేడా లేదు. ఆ తేడా చూడలేకపోవడం ఆ కాలపు పెద్ద లోపం. ఇవాళ ఆ శాసనాన్ని చూపించి ఎవరైనా ఈ రెండింటినీ మళ్లీ కలిపేస్తుంటే ఒప్పుకోకండి. దెబ్బ తగిలింది పిల్లవాడికి. మాట్లాడాల్సింది అతని గురించే.

రెండో విషయం, ఆ శాసనం చెప్పిన పని ఏమిటి? అలాంటి నేరం చేసిన గురువుకి ఉన్న హోదా, పదవి, ఆదాయం, గురువులకుండే ప్రత్యేక రక్షణ, అన్నీ పోతాయి. శ్రీసభ న్యాయాధిపతి అతని గురుపట్టం ఊడదీయాలి. వెంటనే రాజ్యాధికారానికి అప్పగించాలి. మామూలు మనిషికి ఆ నేరానికి చట్టంలో ఏ శిక్ష ఉందో ఇతనికీ అదే పడాలి. ఆ రోజుల్లో చాలా రాజ్యాల్లో దానికి మరణశిక్షే ఉండేది కాబట్టి ఫలితం అదే అయ్యేది, నేను దాచను. కానీ ఆ వాక్యాల బరువు ఎక్కడుందో చూడండి. 'అందరికీ ఉన్న చట్టమే ఇతనికీ' అన్నచోట ఉంది. శిక్ష పడదన్న ధైర్యమే పాపానికి పెద్ద ప్రోత్సాహమని కూడా ఆయన అందులో రాశారు.

గురుపట్టం ఊడదీయడమంటే కాగితం మీద సంతకం అనుకోకండి. పాత పూజావిధి గ్రంథంలో ఆ తంతు ఉంది. మొదటిసారి చదివినప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి. తప్పు చేసిన గురువుకి పూజకి వెళ్తున్నట్టే పూర్తి పూజావస్త్రాలు వేస్తారు. చేతికి ద్రాక్షారసం ఉన్న పాత్ర, అప్పం ఉన్న పళ్లెం ఇస్తారు. పీఠాధిపతి వచ్చి ఆ రెండూ చేతుల్లోంచి తీసేసుకుంటారు. తర్వాత కత్తితో గానీ గాజుముక్కతో గానీ అతని బొటనవేళ్లు, చూపుడువేళ్లు, అరచేతులు మెల్లగా గీకుతారు. పట్టం ఇచ్చిన రోజున పరిశుద్ధ తైలం పూసింది ఆ చేతులకే. రక్తం రానివ్వకుండా ఆ తైలాన్ని తుడిచేసినట్టు గీకడం. ఆ తర్వాత పైవస్త్రం, మెడలోని స్తోలా, ఇలా పట్టం ఇచ్చిన వరుసకి ఎదురువరుసలో ఒక్కొక్కటీ తీసేస్తూ కింద మెట్టు దాకా వస్తారు. చివరికి గురువుకి గుర్తుగా నడినెత్తిన గొరిగిన గుండ్రటి చోటు కనబడకుండా జుట్టంతా కత్తిరించి, మామూలు బట్టలు వేసి పంపేస్తారు. గురుత్వ ముద్ర ఆత్మ మీద నుంచి చెరగదని మన సత్యోపదేశం. చెరిగేది హక్కు, హోదా, చాటున దాక్కునే వీలు.

అప్పగించే చోట ఇంకొక వాక్యం ఉంది. అక్కడున్న రాజ్య న్యాయాధిపతి వైపు తిరిగి పీఠాధిపతి చెప్పాల్సిన మాట అది. దాని భావం ఇది: 'న్యాయాధిపతీ, దేవుని ప్రేమ కోసం, కనికరం కోసం, మా విన్నపం మన్నించి, ఈ దౌర్భాగ్యుడికి ప్రాణహాని గానీ అంగచ్ఛేదం గానీ కలగనీయవద్దు.' అంటే శ్రీసభ ఒకే నోటితో రెండు మాటలు చెప్పింది. వీణ్ణి మీ చట్టానికి అప్పగిస్తున్నాను. ప్రాణం మాత్రం తీయకండి.

ఈ రెండో మాట చాలాసార్లు వట్టి తంతుగా మిగిలిపోయింది, అది కూడా చెప్పాలి. జియోర్డానో బ్రూనో పేరు మన తెలుగు పాఠకులకి బాగా తెలుసు. ఆయన డొమినికన్ సభ గురువు. 1600 ఫిబ్రవరి 8న రోములో చదివిన తీర్పులో మరణం, అంగచ్ఛేదం లేకుండా చూడమనే విన్నపం ఉంది. ఫిబ్రవరి 17న కాంపో దె ఫియోరి అనే సంతవీధిలో ఆయన్ని సజీవంగా కాల్చేశారు. రోము పాలకుడు ఎవరు? పోపుగారే. విన్నపం చేసిందీ వాళ్లే, వినాల్సిందీ వాళ్లే. మతభేద నేరాల్లో అయితే శిక్షించని పాలకుణ్ణి శ్రీసభ నుంచి వెలివేస్తామనే శాసనాలు 1184 నుంచీ ఉన్నాయి. అలాంటప్పుడు ఆ విన్నపానికి విలువేముంది? సంప్రదాయం గొప్పదని చెప్పేవాళ్లు ఈ పేజీ తిప్పేయకూడదు.

ఇక గ్రూపులో పెద్దాయన అన్నదానికి వద్దాం. శ్రీసభ ఎప్పుడూ లోపలే సర్దుకుందా? ఈ వాదనకీ చరిత్రలో వేరు లేకపోలేదు. ఇంగ్లండులో రెండవ హెన్రీ రాజుకీ, కాంటర్‌బరీ అగ్రపీఠాధిపతి థామస్ బెకెట్‌కీ వచ్చిన తగువు ఇదే. హత్యలు, దొంగతనాలు చేసిన గురువుల పట్టం తీసేశాక రాజు కోర్టుకి ఇవ్వాలని 1164 నాటి క్లారెండన్ నిబంధనల్లో రాజు రాయించాడు. ఒకే తప్పుకి దేవుడు రెండుసార్లు తీర్పు చెప్పడు, పట్టం తీసేయడమే శిక్ష అని బెకెట్ పట్టుబట్టారు. 1170 డిసెంబరు 29న రాజు మనుషులు ఆయన్ని గుడిలోనే నరికి చంపారు. ఆయన వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) అయ్యారు, ఆయన వాదం కూడా ఆయనతో పాటు పీఠమెక్కింది. ఆ తర్వాత ఇంగ్లండులో కొన్ని వందల ఏళ్లు, 'నేను గురువర్గంవాణ్ణి' అని చూపించుకుంటే ఉరి తప్పేది. చూపించుకోవడం ఎలా? చదవడం వస్తే చాలు. సాధారణంగా చదివించేది తపస్సుకాలంలో మనం పాడుకునే 51వ కీర్తన మొదటి చరణం, దేవుని కరుణ కోరేది. అక్షరం రాని దొంగలు కూడా ఆ ఒక్క చరణం కంఠతా పట్టి మెడ కాపాడుకున్నారు. పశ్చాత్తాప కీర్తన తప్పించుకునే దారి అయిపోయింది. బెకెట్ మీద నాకు భక్తి ఉంది. రాజు నోట్లోకి శ్రీసభ వెళ్లకూడదని ఆయన పడ్డ తపన నిజం. కానీ ఈ ఒక్క విషయంలో రాజు మాటే న్యాయమని నా అభిప్రాయం. శ్రీసభ కూడా 1209 ప్రాంతానికల్లా మూడవ ఇన్నొసెంట్ పోపుగారి నిర్ణయంతో, పట్టం తీసిన మనిషిని రాజ్యానికి అప్పగించి, ప్రాణం కోసం విన్నపం చేయాలనే దారికి వచ్చింది.

అంతకుముందు కూడా మెత్తగా ఏమీ లేదు. సుమారు 305లో స్పెయిన్‌లోని ఎల్విరాలో కూడిన పీఠాధిపతులు, పిల్లల్ని చెరిచినవాడికి చావుబతుకుల్లో కూడా దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) ఇవ్వొద్దన్నారు. పదకొండో శతాబ్దంలో పునీత పీటర్ డామియన్ తొమ్మిదవ లియో పోపుగారికి రాసిన పొడుగాటి లేఖలో, తప్పు చేసినవాళ్ల మీద ఎంత కోపం ఉందో, తెలిసీ నోరు మూసుకున్న పై అధికారుల మీదా అంతే కోపం ఉంది. పోపుగారు ఆయన్ని మెచ్చుకున్నారు గానీ, అందరినీ తీసేయమన్న సలహా పూర్తిగా తీసుకోలేదు. అలవాటుగా చేయనివాళ్లు పశ్చాత్తాపపడితే కొనసాగవచ్చన్నారు. 1179 నాటి మూడవ లాతరన్ మహాసభ పట్టం తీసేయడమో, మఠంలో ప్రాయశ్చిత్తానికి మూసేయడమో అంది.

రాతలు ఇంత గట్టిగా ఉంటే మరి జరిగిందేమిటి? ఐదవ పయస్ శాసనం వచ్చిన సుమారు అరవై ఏళ్లకే, పేదపిల్లలకు ఉచిత బడులు పెట్టిన పియారిస్టు సభలో స్తెఫానో కెరుబీని అనే గురువు మీద నేపుల్స్ బడిలో పిల్లల విషయమై ఆరోపణలు వచ్చాయి. ఆయనది రోములో పలుకుబడి ఉన్న కుటుంబం. సభ స్థాపకుడు జోసెఫ్ కలసాంజ్, తర్వాత పునీతుడైన మనిషి, ఆ సంగతి బయటికి రాకుండా చూశారు. కెరుబీనికి పైపదవి ఇచ్చి అక్కణ్ణించి కదిలించారు. చివరికి 1643లో అదే కెరుబీని సభ మొత్తానికి పెద్ద అయి కూర్చున్నాడు. 1646లో పదవ ఇన్నొసెంట్ పోపుగారు సభ హోదానే తీసేశారు. ముసలితనంలో కలసాంజ్ తన జీవితమంతా పెట్టి కట్టింది కూలిపోవడం చూసి కన్నుమూశారు. చెడ్డవాడు కాదాయన. పిల్లల కోసమే బతికాడు. అయినా సభ పరువా, పిల్లవాడి మాటా అన్న చోట పరువు వైపు నిలబడ్డారు. 1568 శాసనం అల్మరాలోనే ఉంది. తీసినవాళ్లు లేరు.

ఇదే నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్ల కిందట ఒక తల్లి ట్రిబ్యునల్ గదికి వచ్చింది. అది వివాహాల ఆఫీసని ఆమెకి తెలియదు, శ్రీసభ కోర్టు అని ఎవరో చెప్పారట. ప్లాస్టిక్ కవర్లో బిడ్డ బడి కాగితాలు, డాక్టరు చీటీ, తను రాయించుకొచ్చిన అర్జీ. విచారణ పెద్దలు అప్పటికే ఆమెతో 'స్వామిగారి పరువు పోతే శ్రీసభ పరువు పోతుందమ్మా' అన్నారు. ఆ గురువుకి ట్రాన్స్‌ఫర్ కూడా అయిపోయింది. నేను ఆమెని, 'మీకేం కావాలమ్మా, ఆయనకి ఏ శిక్ష పడాలి' అని అడిగాను. ఆమె శిక్ష మాటే ఎత్తలేదు. 'మా వాడు అబద్ధం చెప్పలేదని ఎవరైనా ఒక కాగితం మీద రాసివ్వండి సార్' అంది. ఆ రోజు ఆమెని స్టేషన్‌కి తీసుకెళ్లాల్సింది. పైవాళ్లకి ఉత్తరం రాసి ఊరుకున్నాను. అది నా తప్పు. ఈ జవాబు ఇంత పొడుగ్గా రాయడానికి సగం కారణం అదే.

ఇప్పుడు మరణశిక్ష సంగతి. రాజ్యానికి ఆ అధికారం ఉందని శ్రీసభ చాలా శతాబ్దాలు చెప్పింది. పునీత తోమా అక్వీనాసు, కుళ్లిన అవయవాన్ని కోసేసినట్టు సమాజానికి ప్రమాదమైనవాణ్ణి ప్రభుత్వం చంపవచ్చన్నారు. అదే చోట రెండు ప్రకరణాల తర్వాత, గురువులు మాత్రం ఎవరినీ చంపకూడదన్నారు. క్రీస్తు కొట్టించుకున్నాడు గానీ తిరిగి కొట్టలేదు, పీఠం దగ్గర నిలబడేవాడు ఆయనకి ప్రతినిధి అని. 1215 నాటి నాలుగవ లాతరన్ మహాసభ గురువులు రక్తం చిందే తీర్పు చెప్పకూడదు, అలాంటి శిక్ష అమలయ్యేచోట ఉండకూడదు అంది. 1566 నాటి రోము సత్యోపదేశం (శ్రీసభ బోధనల గ్రంథం) కూడా ప్రభుత్వ అధికారాన్ని ఒప్పుకుంది. పోపుల రాజ్యంలో మాస్త్రో తిత్తా అని పేరుపడ్డ తలారి 1796 నుంచి 1864 దాకా 516 మందికి శిక్ష అమలు చేసినట్టు లెక్క రాసుకున్నాడు. వాటికన్ నగర చట్టంలో పోపుగారి మీద హత్యాయత్నానికి మరణశిక్ష 1929 నుంచి 1969 దాకా ఉంది, ఒక్కసారి కూడా వాడలేదు.

తర్వాత రెండవ జాన్ పాల్ పోపుగారు 1995లో, అలాంటి అవసరం వచ్చే సందర్భాలు ఇప్పుడు లేవన్నంత అరుదు అన్నారు. ఫ్రాన్సిస్ పోపుగారు 2018 ఆగస్టులో సత్యోపదేశం 2267వ పేరా మార్చి, మనిషి గౌరవం మీద దాడి కాబట్టి మరణశిక్ష ఆమోదయోగ్యం కాదని రాయించారు. సంప్రదాయవాదులు ఇది పాత బోధనకి ఎదురని గొడవ చేస్తారు. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది, నిన్నటి మాట ఇవాళ మారితే రేపటి మాట ఏమవుతుందని. కానీ నాకు ఇది ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు అనిపించదు. పట్టం ఊడదీసే ఆ తంతులో, న్యాయాధిపతి ముందు పీఠాధిపతి అడిగిన మాట గుర్తు తెచ్చుకోండి. తంతులో వట్టి మాటగా మిగిలిపోయినదాన్ని ఇప్పుడు నిజంగానే అడుగుతున్నారు, అంతే.

పోగొట్టుకున్నది ఇంకొకటి ఉంది, అది అప్పగించడం. 1917 కానన్ లా పుస్తకం 120వ నిబంధనలో గురువుల్ని శ్రీసభ న్యాయాధిపతి దగ్గరకే తేవాలని రాసి ఉంది. 16 ఏళ్లలోపు పిల్లల మీద నేరానికి పదవి తీసేయడం, మరీ తీవ్రమైతే గురుపదవి నుంచి తొలగించడం అదే పుస్తకంలో ఉన్నాయి, రాజ్యానికి అప్పగించడం అన్న మాట మాత్రం అక్కడ లేదు. ఆ 120వ నిబంధన 1983 పుస్తకంలో పోయింది. 2019 డిసెంబరు 17న ఇలాంటి కేసులకున్న పోపు ఆఫీసు రహస్య నియమాన్ని కూడా ఫ్రాన్సిస్ పోపుగారు ఎత్తేశారు. అంటే గుట్టు అని చెప్పుకోవడానికి ఇప్పుడు కానన్ లాలో కూడా ఆసరా లేదు. పాపసంకీర్తన రహస్యం, అంటే గురువు దగ్గర ఒప్పుకున్న పాపాలు బయటపెట్టకూడదన్న నియమం, ఒక్కటే మిగిలింది. అది గురువుకి సంబంధించిన బాధ్యత. తల్లి నోటికి తాళం కాదు.

మీ బంధువు భయానికి సూటిగా జవాబు పునీత అగస్టీను దగ్గర ఉంది. సుమారు 411, 412లో ఉత్తర ఆఫ్రికాలో రెస్తిత్యూతు అనే గురువుని శత్రువర్గంవాళ్లు చంపేశారు. ఇన్నొకెంతి అనే ఇంకొక గురువుని పట్టుకుని కన్ను పీకి, వేలు నరికారు. దొరికినవాళ్లు ఒప్పుకున్నారు. అగస్టీను అధికారి మార్సెల్లీనుకి ఉత్తరం రాశారు. వీళ్లని వదిలేయమని రాయలేదు. మళ్లీ నేరం చేసే స్వేచ్ఛ వాళ్లకి లేకుండా చేయడాన్ని మేం కాదనడం లేదు, కానీ ప్రాణానికి ప్రాణం, కన్నుకి కన్ను తీయకండి, బతకనిచ్చి ఏదైనా పనికొచ్చే పనిలో పెట్టండి అని వేడుకున్నారు. ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఆ మార్సెల్లీనునే 413లో తిరుగుబాటు నెపం మీద తల నరికించారు. అగస్టీను ఆయన్ని కాపాడాలని ప్రయత్నించి ఓడిపోయారు. మరణశిక్ష ఎంత సులువుగా తప్పు మనిషి మీద పడుతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కాబట్టి ఆ అమ్మతో ఇలా చెప్పండి. కంప్లైంట్ ఇవ్వడం వేరు, ఉరి వేయమని అడగడం వేరు. పోక్సో చట్టంలో 2019 సవరణ తర్వాత తీవ్రమైన అత్యాచారానికి కనీసం 20 ఏళ్ల కఠిన శిక్ష, యావజ్జీవం, మరణశిక్ష దాకా ఉన్న మాట నిజమే. మత సంస్థ నిర్వాహకులు, సిబ్బంది అక్కడి పిల్లల మీద చేస్తే దాన్ని తీవ్రమైనదిగానే చట్టం చూస్తుంది. కానీ శిక్ష ఎంతో తేల్చేది జడ్జిగారు. ఆ దశలో, మాకు న్యాయం కావాలి, ఆయన ప్రాణం అక్కర్లేదు అని చెప్పాలనిపిస్తే మీ లాయరు ద్వారా చెప్పండి. అప్పుడు అగస్టీను చేసిన పనే మీరూ చేసినట్టు. ఆయన కూడా నేరస్తులు పట్టుబడి, విచారణ జరిగాకే ఆ మాట అడిగారు. 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా, సంస్థ బాధ్యుడైతే ఏడాది దాకా జైలు. ఇంటి గుట్టు అన్న పెద్దాయనకి ఇది కూడా వినిపించండి.

స్టేషన్‌కి వెళ్లాలంటే భయంగా ఉంటే ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లవాడి వాంగ్మూలం ఇంట్లోనే, లేదా అతను కోరుకున్నచోట తీసుకోవచ్చు. వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వస్తారు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు. అతనికి నమ్మకమున్నవాళ్లు పక్కన కూర్చోవచ్చు. ఇంకొక మాట, ఆ వాట్సాప్ గ్రూపులో పిల్లవాడి పేరు, ఊరు, బడి, ఫొటో ఏదీ రానివ్వకండి. ఇప్పటికే ఎవరైనా పెట్టి ఉంటే ఈ రాత్రికే తీయించండి. అది 23వ సెక్షన్ కింద వేరే నేరం.